గొళ్ళెం బయటివైపు

గోడ కదులుతుందని చెబితే మొదట్లో ఎవ్వరూ నమ్మలేదు. ఎందుకు నమ్ముతారు? కదిలే గోడని వాళ్ళు అంతకుముందు ఒక్కసారే చూశారు, అదీ పాత క్వార్టర్లలో వానకి తడిసి వంటగది కూలినప్పుడు. అలాంటిది ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ వెనకాల గోడౌన్‌లో అట్టలూ చెక్కలూ తెచ్చి ఒక ఉత్తుత్తి గది నిలబెట్టి, "కంపెనీ మీకు కట్టబోయే ఇల్లు ఇలాగే ఉంటుంది, ఈ గోడని చిటికెన వేలుతో తోస్తే జరుగుతుంది" అని ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక ఆడపిల్ల చెబుతుంటే షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ సాయంత్రమే ఆమెకి గోడలమ్మ అని పేరు పడిపోయింది. పెట్టినవాడు పరాయివాడేం కాదు, సొంత బావ.

బావ ఆ ఫ్యాక్టరీలోనే ప్రెస్సు మీద పని చేసేవాడు. అక్క ప్యాకింగ్‌లో. వాళ్ళ కోసమనే కాదు గానీ, వాళ్ళని కళ్ళ ముందు పెట్టుకునే గోడలమ్మ ఆ ఇళ్ళు గీసింది. మేడ మీద రేకుల గదిలో, నిచ్చెనలాంటి మెట్లెక్కి, మంచం వేస్తే తలుపు తెరుచుకోని చోట అక్కాబావలు కాపురం చేస్తుంటే చూసి చూసి విసుగెత్తిపోయిన మనిషి ఆమె. ఒకరికి పెళ్ళవుతుంది, ఒకరికి పిల్లలు పుడతారు, ఒకరింటికి అత్తగారొచ్చి ఉంటుంది. మనుషులు ఇన్ని రకాలుగా పెరిగి తరుగుతుంటే గది మాత్రం బండరాయిలా ఉండడమేమిటన్నది ఆమె బాధ. అందుకని గదుల మధ్య గోడల్ని పలకలుగా చేసింది. ఒక్కో పలక తలుపంత వెడల్పు. వరసకి ఒక గది ఖాళీగా వదిలేస్తారు. అవసరం పడినవాళ్ళు ఆ ఖాళీలోంచి ఒక పలక మేర అరువు తీసుకుంటారు, అవసరం తీరాక గోడ వెనక్కి జరిపేస్తారు. ఆలోచన బంగారంలాంటిది. ఇప్పటికీ బంగారంలాంటిదే, ఆ మాట ఎవరూ కాదనరు.

ఉత్తుత్తి గదిలోకి ముందు అక్కనే పంపింది. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, నిజంగానే ఇల్లు అద్దెకి చూడ్డానికి వచ్చినదానిలా అటూ ఇటూ తిరిగింది. "ఇక్కడ పొయ్యి. ఇక్కడ మంచం. ఇక్కడ మీ బావ పడుకుని గురక పెడతాడు, ఇక్కడ నేను చెవులు మూసుకుంటాను" అని చేత్తో చూపించింది. అందరూ నవ్వారు. తరవాత వరండాలోకొచ్చి, గోడ చివర ఇనప డబ్బీలో ఉన్న గొళ్ళెం చూసి ఆగిపోయింది.

"ఒసేయ్ చిట్టీ, గొళ్ళెం బయటెందుకు పెట్టావే?"

"గోడ ఇద్దరిది కదక్కా. ఒకరి గదిలో గొళ్ళెం పెడితే రెండోవాళ్ళు వాళ్ళ దయ మీద బతకాలి. పంపు దగ్గర బిందెల కోసం కొట్టుకునేవాళ్ళు గోడ దగ్గర కొట్టుకోరా? అందుకే బయట, అందరి కళ్ళ ముందు పెట్టాను. ఇద్దరూ ఒప్పుకుంటేనే తీస్తారు."

"ఏమోనే. మన గదికి గొళ్ళెం లోపలుంటేనే నాకు నిద్ర పడుతుంది."

"తలుపు గొళ్ళెం లోపలే ఉందక్కా. ఇది గోడ గొళ్ళెం."

బావ ఊరుకుంటాడా! "నీకు నిద్ర పట్టడానికి గొళ్ళెం కూడా కావాలా? నిలబెట్టినా నిద్రపోతావు కదా" అన్నాడు. గోడౌన్ గోడౌనంతా గొల్లుమంది. అక్క బావ వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ మాట అక్కడితో తేలిపోయింది. గోడలమ్మ కూడా అందరితో పాటు నవ్వింది. తరవాత్తరవాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది, ఎవరి మీదో కాదు, తన మీద తనకే.

ఇళ్ళు లేచాయి. నాలుగంతస్తులు, మెట్లకి బదులు ఏటవాలుగా ఎక్కే దారి, వెడల్పాటి తలుపులు, వరండా పొడుగునా గాలి. మేడ గది ఖాళీ చెయ్యడానికి అక్క ముందు తటపటాయించింది. ఇరుకైనా అలవాటైన ఇల్లు, పైగా ఇంటామె మంచిది. గోడలమ్మే వెంటపడి, బతిమాలి, అలిగి, చివరికి సామాను తనే మూటలు కట్టి తీసుకొచ్చింది. "నేను గీసిన ఇంట్లో మా అక్క ఉండకపోతే ఇంకెవరుంటారు?" అంది. ఎంత ముచ్చటపడిందో ఆ రోజు!

ఆ ముచ్చట తీరిన కొన్నాళ్ళకే బావ నడుం మీద ఇనప రేకుల దొంతర జారిపడింది. ప్రాణం దక్కింది. కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి గది గుమ్మంలో ఆగి, లోపలికి చూసి, "మరదలా, కుర్చీ లోపలికొస్తుంది గానీ తిరగదే. జీవితాంతం గోడకేసి చూస్తూ కూర్చోమంటావా, నేనేం తప్పు చేశానని?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అక్క మాత్రం తల తిప్పేసుకుంది.

అప్పుడు కదిలింది గోడ, మొట్టమొదటిసారి. పక్కన ఖాళీ గదే. కాలనీ సూపర్‌వైజరు పానా తెచ్చి గొళ్ళెం తీశాడు. గోడలమ్మ చిటికెన వేలు ఆనించి తోసింది. పైన పట్టాల మీద గోడ చప్పుడు లేకుండా ఒక పలక మేర జరిగి ఆగింది. ఆ జరిగిన చోట ఒక పెద్ద కిటికీ బయటపడింది. అంతవరకూ వాళ్ళకి పొయ్యి మీద చిన్న వెంటిలేటరు తప్ప కిటికీ లేదు మరి. వెలుగు సరాసరి వచ్చి మంచం మీద పడింది. వరండాలో నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. బావ కుర్చీని గిర్రున ఒక చుట్టు తిప్పి, "ఇక నన్ను పట్టుకోండి చూద్దాం" అన్నాడు.

కిటికీ కింద బల్ల వేసుకున్నాడు. ఫ్యాన్లకీ మిక్సీలకీ మోటార్లు పాడైతే రాగి తీగ చుట్టి బాగుచేసే పని మొదలుపెట్టాడు. సన్నపు తీగ, వెలుగు లేకపోతే చుట్టలేరు. అక్క పొద్దున్నే షిఫ్టుకి పోతే, తిరిగొచ్చేదాకా ఆయన మంచం దిగి, కుర్చీ ఎక్కి, పొయ్యి దగ్గరికి, బాత్రూమ్‌కి, గుమ్మంలోకి, మళ్ళీ బల్ల దగ్గరికి తనంతట తనే తిరిగేవాడు. ఎవరి చెయ్యీ అక్కర్లేదు. కాలనీ పిల్లలందరికీ ఫ్యాను మావయ్య అయిపోయాడు. గుమ్మం ముందు నుంచి వెళ్ళే ఆడవాళ్ళలో ఆయన వేళాకోళం ఆడనివాళ్ళు లేరు, దానికి అక్క చేత తిట్లు తినని రోజు లేదు.

ఇంతలో ఫ్యాక్టరీలో కొత్త లైను పడింది. మనుషుల్ని తీసుకున్నారు. తీసుకున్నవాళ్ళని ఎక్కడ పెట్టాలి? పాత షెడ్డులో వరసగా పడుకోబెట్టారు. అది చాలలేదు. అప్పుడు కంపెనీవాళ్ళ కన్ను వరసకొకటిగా ఉన్న ఖాళీ గదుల మీద పడింది.

అక్క ఫోన్ చేసింది. హలో అనేలోపే, "ఒసేయ్ చిట్టీ, నీ గోడ మా మీదికొస్తోందటే" అంది.

"ఏ గోడక్కా?"

"ఏ గోడేమిటే, అదే! ఖాళీ గదులన్నీ వెనక్కి తీసుకుంటారట. అరువు తీసుకున్న పలకలన్నీ ఇచ్చెయ్యాలట. ఇందాక సూపర్‌వైజరు వరండాలో నిలబడి అరిచి చెప్పాడు. నువ్వొచ్చి మాట్లాడవే. నువ్వు మాట్లాడితే వింటారు కదా?"

"వింటారక్కా. నేనొస్తున్నాగా" అంది.

ముందు తన ఆఫీసులో పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన గది గోడ మీద ఆ ఇళ్ళ ఫొటోనే ఉంది, గోడ జరిగిన రోజు తీసింది, బావ కుర్చీ తిప్పుతూ నవ్వుతున్నది. పెద్దాయన అంతా విన్నాడు. మంచివాడే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇల్లు కట్టి తాళాలిచ్చేశాం కదమ్మా. ఇచ్చేశాక ఆ ఇంట్లో వాళ్ళు బీరువా ఎటు జరుపుకున్నారో వెళ్ళి అడుగుతామా?"

"బీరువా కాదండీ, మా బావ."

"ఒకసారి వెళ్ళి మర్యాదగా అడిగి చూడు" అన్నాడు. అంటూ టేబుల్ మీద వేరే ఇళ్ళ బొమ్మలు ముందుకి లాక్కున్నాడు.

మర్యాదగానే అడిగింది. ఫ్యాక్టరీ హౌసింగ్ మేనేజరు ఆమె కన్నా మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, ఆమె గీసిన ఇళ్ళని నోరారా పొగిడాడు. అరిచే మనిషైతే ఎదురు అరవచ్చు. పొగిడేవాణ్ణి ఏం చేస్తాం?

"మేడమ్, మీరే కదా చెప్పారు, అవసరాన్ని బట్టి గోడ నడుస్తుందని. మాకు అవసరం వచ్చింది, నడుపుతున్నాం."

"ఖాళీ గది తీసేస్తే ఇంక గోడలు ఎటు నడుస్తాయండీ? ఆ ఖాళీ మీదే కదా మొత్తం ఆధారపడింది. అది నిండిపోతే ఇవి మామూలు గోడలే."

"మామూలు గోడలతో జనం బతకడం లేదా మేడమ్?" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"గొళ్ళెం తియ్యాలంటే రెండు వైపుల వాళ్ళూ ఒప్పుకోవాలి. ఆ రోజు అందరి ముందూ చెప్పాను."

"ఖాళీ గది వైపు మేమే కదండీ. మేం ఒప్పుకున్నాం."

"మా అక్కవాళ్ళు ఒప్పుకోలేదు."

మేనేజరు ఇబ్బందిగా నవ్వాడు. "మీరు నోటితో చెప్పారు మేడమ్, నేను కాదనను. గొళ్ళెం మాత్రం పానా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింటుంది. దాన్ని చేసింది మీరే."

ఇరుగూ పొరుగూ కొట్టుకుంటారని భయపడి గొళ్ళెం బయట పెట్టిందే గానీ, వరండాలోంచి ఇంకొకడు వస్తాడని ఆమెకి తోచనే లేదు. గీసినన్నాళ్ళూ ఆ రెండు గదుల్లోనే తిరిగింది ఆమె బుర్ర. వరండా అంటే గాలికీ పిల్లలు ఆడుకోవడానికీ అనుకుంది, అంతే.

"ఒక్క ఆ గదికి మినహాయింపు ఇవ్వండి. ఆయన కుర్చీ తిరగదు. మా అక్క షిఫ్టు నుంచి వచ్చేదాకా మంచం మీదే పడి ఉండాలి. కిటికీ పోతే చేతిలో పని కూడా పోతుంది. మీ ఫ్యాక్టరీలోనే కదండీ దెబ్బ తగిలింది."

అది బతిమాలడమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మేనేజరు కిటికీ దగ్గరికి పిలిచి పాత షెడ్డు చూపించాడు. పగటిపూటే మనుషులు వరసగా పడుకుని ఉన్నారు, రాత్రి షిఫ్టు చేసినవాళ్ళు. షెడ్డు గుమ్మంలో ఒక పిల్ల తల్లి బిడ్డని భుజాన వేసుకుని నిద్రపుచ్చుతోంది, లోపల చోటు లేక.

"మీ అక్కగారి పక్క గది ఆవిడకే మేడమ్" అన్నాడు. "మీరు వద్దంటే ఆ మాట ఆవిడతో మీరే చెప్పండి. నేను చెప్పలేను. మీ అక్కగారికి మొదట ఇచ్చిన గది ఎటూ ఉంటుంది కదా, దాంట్లోంచి అంగుళం కూడా తీసుకోవడం లేదు."

మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

ఆదివారం పొద్దున కాలనీకి వెళ్ళి, టేపూ సుద్దముక్కా తీసుకుని, పలక పోయాక గది ఎంత మిగులుతుందో అంతా వరండా నేల మీద గీసింది. ఇక్కడ మంచం, ఇక్కడ పొయ్యి, ఇక్కడ బాత్రూమ్ తలుపు. గీస్తే ఏదో దారి దొరక్కపోదని ఆశ. ఇన్నేళ్ళూ ఆమెకి దారులన్నీ గీతల్లోనే దొరికాయి మరి. పిల్లలు చుట్టూ మూగారు. బావ కుర్చీ తోసుకుంటూ ఆ గీతల గదిలోకి వచ్చి, "ఆహా, గోడలు లేని ఇల్లు! గాలికేం లోటు లేదు" అన్నాడు.

"తిప్పు బావా."

తిప్పాడు. వెనక చక్రం గీత దాటేసింది. కుర్చీ వెనక్కి లాగి, వాలుగా పెట్టి, మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆయన పాదాలు పొయ్యి గీతకి తగిలాయి. మంచం గీతని ఆమె ఇంకాస్త జరిపింది. చక్రం బాత్రూమ్ గుమ్మానికి అడ్డం పడింది. పిల్లలు ఆటనుకుని, "అటు మావయ్యా, ఇటు మావయ్యా" అని అరుస్తున్నారు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు గానీ నుదుట చెమట పట్టింది.

"మంచం గోడకి మడిచి కట్టేస్తే?" అంది గోడలమ్మ.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క అందుకుంది. "ఎవరు మడుస్తారే? నేను షిఫ్టులో ఉంటాను. ఆయన మంచం మీదుంటే మంచం మడవలేం. కుర్చీలోకి దిగాలంటే మంచం మడవాలి. ఎలా చెప్పు?"

"బల్ల చిన్నది చేస్తే? పొయ్యి ఆ మూలకి జరిపితే?"

"పైపు ఆ గోడలో ఉందన్నావు కదే, అది కదలదన్నావు."

అవును, అది కదలదు. అన్నీ కదిలేలా గీసిన మనిషి ఆ ఒక్క పైపు గోడని కదలకుండా గీసింది. ఆమె నేల మీద గొంతుక్కూర్చుని గీతలకేసి చూసింది. మళ్ళీ కొలిచింది. టేపు చెప్పేది టేపు చెప్తుంది, దానికి బావా లేడు మరదలూ లేదు.

బావ కుర్చీ ఆపేశాడు. చక్రాల కింద గీతలన్నీ చెరిగిపోయి తెల్లటి పొడి అయ్యాయి.

"సుద్దగీతలు కాబట్టి చెరిగి ఊరుకున్నాయి మరదలా" అన్నాడు. "లే. మోకాళ్ళు నొప్పెడతాయి."

లేవలేదు. అరచేత్తో మిగిలిన గీతలు తుడుస్తూ ఏడ్చేసింది. అక్క వచ్చి భుజం పట్టి లేపి, "ఛ, ఛ, ఏమిటే చిన్నపిల్లలా. నువ్వు ఏడిస్తే ఆయన ఊరుకుంటాడా, నేనే ఏడిపించానంటాడు" అంది.

ఆ మర్నాడు షెడ్డులోని పిల్ల తల్లి వచ్చింది. అక్కతో ప్యాకింగ్‌లో పక్కపక్కనే నిలబడి పని చేసే పిల్ల. చంకలో బిడ్డ. గుమ్మం బయటే నిలబడి, లోపలికి చూడాలని ఉండీ చూడకుండా, "అక్కా, నేను ఆ గది అడగలేదక్కా. నిజంగా అడగలేదు. వాళ్ళే రాశారు. వద్దంటే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదన్నారు. దీనికి దగ్గు తగ్గడం లేదు" అంది. గోడలమ్మ ఆ వేళకి అక్కడే ఉంది. ఈ పిల్లనైనా కోప్పడదామని వెతికింది మనసులో, కోపం దొరకలేదు. అక్క బిడ్డని తన చేతుల్లోకి తీసుకుని, వీపు తట్టి, "కిటికీ రెక్క కొంచెం బిగువు. పైకెత్తి తొయ్యాలి. గాలి బాగా వస్తుంది, దగ్గుకి మంచిది" అని చెప్పింది. పిల్ల తల్లి అప్పుడు ఏడ్చింది. ఇలా ఒకరి తరవాత ఒకరు ఏడవడమే గానీ ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

ఖాళీ చేసి వెళ్ళిపోదామా అంటే ఎక్కడికి? ఏటవాలు దారీ, కుర్చీ పట్టే తలుపులూ ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేవు, గోడలమ్మ గీసిన చోట తప్ప. ఆమె ఉండే గది మూడో అంతస్తు, ఇరుకు మెట్లు. "నా దగ్గరికి వచ్చెయ్యండి" అని నోటిదాకా వచ్చిన మాటని ఆ మెట్లు గుర్తొచ్చి మింగేసింది.

గోడలు జరిపే రోజు పనివాళ్ళు వరండా ఆ చివర నుంచి మొదలుపెట్టారు. మధ్యాహ్నం కావస్తోంది, ఎండ బాగా ఉంది. వాళ్ళకి ఆ గోడలు కొత్త. గొళ్ళెం తీసి ఇద్దరు భుజాలతో నెట్టేస్తున్నారు. చిటికెన వేలుతో జరిగే గోడని భుజాలతో నెడితే ఏమవుతుంది? పట్టా తప్పి, కిర్రుమని ఒరిగి, ఒకరింట్లో అద్దం పగిలింది. ఇంకొకరింట్లో అల్మరా మీది సామానంతా నేలపాలైంది. కేకలు వినబడుతున్నాయి. ఒక్కో గదే అయిపోతూ దగ్గరికొస్తున్నారు.

అక్క సెలవు పెట్టుకుని ఇంట్లోనే ఉంది. బల్ల తీసి గుమ్మం పక్కన నిలబెట్టింది, ఎవరైనా పట్టుకెళ్తే పట్టుకెళ్తారని. బావని మంచం మీదికి దించి, కుర్చీ మడిచి మంచం కింద పెట్టింది. రాగి తీగ చుట్ట ఆయన చేతుల్లోనే ఉంది, సగం చుట్టిన మోటారు ఒళ్ళో. ఆఖరి వెలుగు వాడుకుంటున్నట్టు చుడుతూనే ఉన్నాడు.

పనివాళ్ళు గుమ్మం ముందుకొచ్చారు. సూపర్‌వైజరు గుమ్మం పక్కన నిలబడ్డ గోడలమ్మని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. గోడ జరిగిన మొదటి రోజు పానా తెచ్చింది అతనే, చప్పట్లు కొట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

"నెట్టొద్దు" అంది గోడలమ్మ.

"మేడమ్, నాకు చెప్పినా లాభం లేదు..."

"ఆపమనడం లేదు. మీరు నెట్టొద్దంటున్నాను. గోడ వచ్చి మంచానికి ఆనుతుంది, కుదుపుకి ఆయన నడుం తట్టుకోదు."

లోపల్నుంచి బావ పిలిచాడు. "మరదలా, ఇంకొకళ్ళు ఎందుకే? నువ్వే జరిపెయ్యి. మొదటిసారి నువ్వే జరిపావు కదా, చెయ్యి మంచిది."

వేళాకోళమో కాదో తెలియలేదు. ఆయన మొహం చూసే ధైర్యం ఆమెకి లేదు.

సూపర్‌వైజరు చేతిలోని పానా తీసుకుంది. డబ్బీ తెరిచి గొళ్ళెం తిప్పింది. టక్కున వదులైంది. ఎంత నూనె పోసి, ఎన్నిసార్లు సరిచూసి చేయించిన గొళ్ళెమో అది! లోపలికెళ్ళి గోడ అంచు దగ్గర నిలబడింది. అంచుకి చిటికెన వేలు తగిలించి తన వైపు లాగింది.

గోడ కదిలింది. మొదటి రోజు ఎలా కదిలిందో అలాగే, ఒక్క రవ్వ చప్పుడు లేకుండా. కిటికీ వెలుగు నేల మీద సన్నబడుతూ, మంచం కోడు మీద నుంచి, దుప్పటి మీద నుంచి, బావ చేతుల మీద నుంచి జరిగిపోయింది. ఆయన తీగ చుట్టడం ఆపి వెలుగు పోయినవైపు ఒకసారి చూశాడు. గోడ అవతల నుంచి బిడ్డ దగ్గు వినిపించింది, పిల్ల తల్లి అప్పుడే వచ్చేసినట్టుంది.

"చప్పుడే రాలేదే" అంది అక్క. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, అదే ప్రాణం తీసింది. "వాళ్ళ చేతిలో పెట్టి ఉంటే ఎంత రభస చేసేవాళ్ళో. నువ్వుండబట్టి సరిపోయింది."

బావ ఏదో ఒకటి అంటాడని గోడలమ్మ ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది, గోడలమ్మా అని వెక్కిరించినా బాగుండేది. ఆయన తీగ చుట్టని వేళ్ళతో తడుముతున్నాడు, కొస దొరక్క.

లోపల ఇక నిలబడ్డానికి చోటు లేదు. గొళ్ళెం వెయ్యాలంటే ఎలాగూ బయటికి రావాలి. వరండాలోకి వచ్చి, అక్క ఇంటి గోడకి, అక్క లోపల ఉండగా, బయటి నుంచి పానా బిగించింది. సూపర్‌వైజరు చెయ్యి చాపి నిలబడ్డాడు పానా కోసం.

"పడిందా?" లోపల్నుంచి అక్క అడిగింది.

"పడిందక్కా."

"గట్టిగా పడిందో లేదో ఒకసారి చూడవే. ఊగితే ఆయనకి నిద్ర పట్టదు."

గోడలమ్మ అరచెయ్యి పెట్టి చూసింది. రవ్వంత కూడా ఊగలేదు.

"గట్టిగానే పడిందక్కా" అంది. లోపల అక్క లైటు వేసిన చప్పుడు వినిపించింది, బయట ఇంకా మిట్టమధ్యాహ్నమే.